ఏరు దాటించిన పిల్లి

ఆటల మీద నాకు చిన్నతనం నుంచీ గౌరవం లేదు. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. గంట మోగిన క్షణానికి తరగతి గుమ్మంలో నా కుడికాలు ఉండేది. పిల్లలు ఆడుకుంటే వయసు తెచ్చిన బలహీనత అనుకొని ఊరుకొనేవాణ్ణి. పెద్దలు ఆడుకుంటే అది నా దృష్టిలో దిద్దవలసిన తప్పు. సంతోషంగా బతకడం ఎలాగో చెప్పే మాటలు చాలామంది నోట విన్నాను. వేదికల మీద నేనూ చెప్పాను. ఆ విద్య నిజంగా తెలిసిన ప్రాణి ఒకటి మా ఇంట్లో పద్దెనిమిది రోజులు తిరిగితే, దాన్ని గోనెసంచిలో వేసి మూతి బిగించాను. ఆ పనివల్ల పోబోయింది మా అమ్మ ప్రాణం.

అవి అరవైల చివరి సంవత్సరాలు. మా ఊరు శ్రీముఖలింగానికి కొంత ఎగువన, వంశధార ఒడ్డున ఉన్న చిన్న అగ్రహారం. ఆ ఏడు జ్యేష్ఠమాసంలో నాన్నగారు పోయారు. ఆయన సంస్కృతం చదువుకున్నవారు, నియమం తప్పనివారు. నాలోని క్రమశిక్షణ ఆయన పెట్టిన భిక్షే. అప్పటికి ఇంట్లో అమ్మ, నేను, నా భార్య. మాకింకా పిల్లలు లేరు. పదో రోజు కర్మకు వచ్చిన మా మేనత్త, నాన్నగారి అక్క, సంవత్సరీకం దాకా ఉండిపోయింది. ఆ ఏడాది పాటు ఇంట్లో ఏది చెయ్యవచ్చో ఏది కూడదో చూసేందుకు పెద్దదిక్కు ఒకరుండాలని ఆవిడ నిశ్చయం. నాకూ అది సబబుగానే తోచింది. నియమాలు తెలిసినవారు పక్కన ఉంటే నాకెప్పుడూ ధైర్యమే.

అమ్మకు అప్పుడు యాభై రెండేళ్ళు. పెరటి వైపు గది ఆమెదయింది. ఏడాది తిరిగేదాకా వీధి గడప దాటకూడదు, పొద్దున్నే ఎవరి కంటా పడకూడదు, ఒంటిపూట భోజనం. మా వంటి ఇళ్ళలో ఆ రోజుల్లో ఇది ఎవరూ ప్రశ్నించని సంగతి. అమ్మ కూడా ప్రశ్నించలేదు. గోడకు ఆనుకొని కూర్చొని, పత్తి ఏకి, గుడికి ఇవ్వడానికి వత్తులు చేసేది. ఏదైనా అడిగితే జవాబు చెప్పేది. విస్తరి ముందు కూర్చొని నాలుగు మెతుకులు వేళ్ళతో అటూ ఇటూ జరిపి లేచిపోయేది. శ్రావణం వచ్చేసరికి ఆమె భుజాల ఎముకలు చీర కింద నుంచి తెలియసాగాయి.

వారానికొకసారి మా పక్క ఊరికి వచ్చే డాక్టరును ఇంటికి తీసుకొచ్చాను. ఆయన నాడి చూసి, కళ్ళు చూసి, నన్ను అరుగు మీదికి పిలిచాడు.

"జబ్బంటూ ఏమీ లేదు మాస్టారూ. తిండి లేదు, తినాలన్న కోరికా లేదు. ఇలాగే సాగితే ఆవిడ కార్తీకం చూడరు."

మందేదైనా రాయమన్నాను. బలానికి ఒక టానిక్కు రాశాడు. "మనసు మళ్ళాలి. దానికి నా దగ్గర సీసా లేదు," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మనసు మళ్ళించడం ఎలాగో నాకు తెలియదు. తెలిసింది చేశాను. తెల్లకాగితం మీద ఎర్రసిరాతో గళ్ళు గీసి, అమ్మ దినచర్యకు టైం టేబులు రాసి ఆ గది తలుపు వెనక అంటించాను. స్నానం ఇన్నింటికి, జపం ఇన్నింటికి, పదకొండున్నరకు భోజనం, మూడింటికి టానిక్కు. అమ్మ దాన్ని చదివి, "అలాగే నాయనా," అంది.

అంతకు నెల ముందు మా అటక మీద ఒక పిల్లి ఈనింది. పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. కూనలు గెంతులు నేర్చాక అది మూడింటిని నోట కరచుకొని పక్కింటికి చేర్చి, నాలుగోదాన్ని మరచిందో, దానితో వేగలేకనే వదిలిందో గాని, మళ్ళీ రాలేదు. ఆ మిగిలిన కూన అటక నుంచి జారి సరాసరి అమ్మ పత్తిబుట్టలో పడింది. తెల్లది, ఒక చెవి మాత్రం మసి పూసినట్టు నల్లన. పిల్లికి అంటు లేదని మా ఇళ్ళలో ఒక మాట ఉంది గనుక అత్త కూడా దాన్ని తరిమెయ్యలేదు. గాదె దగ్గర ఎలుకలు ఎక్కువయ్యాయి, ఉంటే ఉండనీ అంది.

వారం తిరిగేసరికి అమ్మ విస్తట్లో అన్నం తరిగేది. ముఖంలో కొద్దిగా తేట వచ్చింది. నేను చాలా సంతోషించాను. నా టైం టేబులు పనిచేస్తోందనుకున్నాను. బడిలో తోటి ఉపాధ్యాయుడితో ఆ మాట అన్నాను కూడా. మనిషికి వేళ ప్రకారం నడిచే అలవాటుంటే దుఃఖం కూడా దారికి వస్తుందని.

భాద్రపదంలో మూడో మాసికం. భోక్తలుగా ఇద్దరు పెద్దలు వచ్చారు. కాళ్ళు కడిగి, పీటల మీద కూర్చోబెట్టి, వడ్డన అయ్యాక నేను వేలికి దర్భ పవిత్రంతో చేతులు కట్టుకొని నిలబడ్డాను. పితృస్థానంలో కూర్చున్నవారు మౌనంగా భోంచెయ్యాలి. ఇంట్లో చెంబు కింద పెట్టిన చప్పుడు కూడా వినబడకూడదు. అంత నిశ్శబ్దంలో, పెరటి గది నుంచి నవ్వు వినిపించింది.

మొదట నీళ్ళు గొంతుకు అడ్డం పడ్డట్టు చిన్నగా మొదలైంది. ఆపుకోబోయినట్టు ఒక క్షణం ఆగింది. తరవాత ఇక ఆగలేదు. ఇల్లంతా నిండింది. అది మా అమ్మ నవ్వు. అంత పెద్దగా ఆమె నవ్వగా నేను ఎన్నడూ వినలేదు, నాన్నగారు బతికున్న రోజుల్లో సైతం.

పెద్ద భోక్త చెయ్యి విస్తరికీ నోటికీ మధ్య ఆగిపోయింది. ఆయన మాట్లాడకూడదు కనుక మాట్లాడలేదు. నా వైపు చూశారు. ఆ చూపు కింద నేను నిలబడిన చోటే కూరుకుపోయాను. దక్షిణ తీసుకొని వెళుతూ గుమ్మంలో ఆగి, "ఇంట్లో అందరూ కులాసాయే కదా నాయనా? వినిపిస్తూనే ఉందిలే," అన్నారు.

ఆయన వీధి మలుపు తిరగక ముందే అత్త అందుకుంది.

"మొగుడు పోయి మూడు నెలలు నిండిందో లేదో, మాసికం నాడు పకపకలా? రేపు ఊరేటనుకుంటుంది? మా తమ్ముడు ఎలాంటి మనిషి, ఆయన పేరు మీద ఎలాంటి రోజు! అడగరా నువ్వు. కొడుకువి, కర్తవి. నువ్వడక్కపోతే ఎవరడుగుతారు?"

నేను పెరటి గదికి వెళ్ళాను. జరిగిందేమిటో తరవాత నా భార్య చెప్పింది: పిల్లికూన అడుగున పాలున్న చెంబులో తల దూర్చి, తల ఇరుక్కుపోగా, ఆ చెంబుతోనే వెనక్కి వెనక్కి నడిచి గోడకు తగిలి, తిరిగి మళ్ళీ వెనక్కి నడిచి పత్తిబుట్టలో కూలబడింది. నేను వెళ్ళేసరికి చెంబు ఊడి ఉంది. కూన ఏమీ ఎరగనట్టు మూతి నాక్కుంటోంది. అమ్మ గోడ పక్కన నిలబడి ఉంది.

"అమ్మా, ఇవాళ ఏ రోజో గుర్తుందా?"

"ఉంది నాయనా."

"గుర్తుండే నవ్వావా?"

 నేను జవాబు కోసం నిలబడ్డాను. తరగతిలో తప్పు చేసిన పిల్లవాడి ఎదుట ఎలా నిలబడేవాణ్ణో అలాగే, ఎంతసేపైనా నిలబడగలనన్నట్టు నిలబడ్డాను. చివరకు ఆమె "తప్పయిపోయింది నాయనా," అంది. అప్పుడు బయటికి వచ్చాను.

మరునాడు ఆదివారం. పిల్లిని కొట్టి చంపితే బంగారు పిల్లిని చేయించి దానమిచ్చినా పాపం పోదు. అందుకని మా వైపు ఇష్టం లేని పిల్లిని ఏరు దాటిస్తారు. నీళ్ళు అడ్డముంటే అది దారి తెలుసుకొని తిరిగి రాలేదని నమ్మకం. అత్త గోనెసంచి తెచ్చి ఇచ్చింది. "అవతలి ఒడ్డున దిగాక సంచిని మూడుసార్లు చుట్టూ తిప్పి, పిల్లిని ఒగ్గేసి వచ్చేయి. వెనక్కి చూడకు," అని విధానం చెప్పింది. విధానం ఉన్న పనిని నేనెప్పుడూ సక్రమంగానే చేస్తాను. అమ్మ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. పిల్లికూన పెరట్లో ఆరవేసిన చీర చెంగును పట్టి ఊగుతుంటే మెడ పట్టుకొని సంచిలో వేశాను.

రేవులో పడవవాడు నాకు తెలిసినవాడే. గెడ వేస్తూ నా ఒళ్ళోని సంచిని చూశాడు.

"ఏటి మాస్టారూ, సంచి కదులుతన్నాది?"

"పిల్లి."

"దొంగ పిల్లా?"

"కాదు."

"మరేటి సేసినాది?"

మా అమ్మను నవ్వించిందని చెప్పలేకపోయాను. "అల్లరి ఎక్కువైంది," అన్నాను.

"పిల్లి అల్లరి సెయ్యక సందెవారుస్తాదేటి బావూ!" అని వాడు నవ్వి, గెడ మీద బరువు వేశాడు.

సంచికి ఒకచోట చిల్లు ఉంది. నది నడుమకు వచ్చేసరికి ఆ చిల్లులోంచి ఒక తెల్లని పాదం బయటికి వచ్చింది. ఊపిరాడక తన్నుకుంటోందేమో అనుకున్నాను. కాదు, చిల్లు అంచున వేలాడుతున్న గోనెపురికొసను అది లాగుతోంది. వదులుతోంది, మళ్ళీ లాగుతోంది. పురికొస తెగిపోయాక నా బొటనవేలు దొరికింది. గోళ్ళు లోపలికి ముడుచుకొని, మెత్తని పాదంతో నా వేలిని తట్టి, చటుక్కున లోపలికి పోయి దాక్కొంది. నేను వేలు కదుపుతానని చూస్తోందని నాకు అర్థమైంది. తనను వెళ్ళగొట్టడానికి తీసుకెళుతున్న చేతితోనే ఆడుకుంటోంది. నేను వేలు కదపలేదు.

అవతలి ఒడ్డున రెల్లు పూసి ఉంది. సంచిని మూడుసార్లు తిప్పి మూతి విప్పాను. కూన తూలుతూ బయటికి వచ్చి, రెండడుగులు పక్కకు నడిచి కూలబడి, తల ఎత్తి గాలికి ఊగే రెల్లుపూలను చూసింది. చూసిన క్షణం నుంచీ దానికి నేను లేను, మా ఇల్లు లేదు, సంచీ లేదు. ఎగిరి పువ్వు మీదికి దూకింది. అది నా వైపు తిరిగి చూడలేదు. కూడదన్న పని నేనే చేశాను. పడవలో ఇవతలికి వస్తూ వెనక్కి చూశాను.

అమ్మ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. పదకొండున్నరకు విస్తరి ముందు కూర్చుంది, మెతుకు ముట్టకుండా లేచింది. మరునాడూ అంతే. ఆ మూడో రోజున ఎగువన వానలు పడి వంశధారకు వరద వచ్చింది. పడవలు ఒడ్డు మీదికి లాగి బోర్లించారు. నాలుగో రోజు సాయంత్రం నేను బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే నా భార్య నూతి గట్టు దగ్గరికి వచ్చింది. ఆమె సాధారణంగా నాకు ఎదురు చెప్పే మనిషి కాదు.

"అత్తయ్యగారు నాలుగు రోజులుగా మజ్జిగ నీళ్ళు తప్ప ఏమీ తీసుకోవడం లేదండీ."

"వేళకు కూర్చుంటోంది కదా? కాగితం మీద రాసి పెట్టాను."

"కాగితం చూసి తిన్నారనుకున్నారా ఇన్నాళ్ళూ?"

నేను చెంబు కింద పెట్టాను.

"పెరుగన్నం కలిపి దానికో ముద్ద, తనకో ముద్ద. అది తినకుండా గెంతుతుంటే, 'ఒసే, నువ్వు తింటేనే నేను తింటాను, నా ఉసురు పోసుకోకు' అని దాన్ని బెదిరించేవారు. అది వచ్చి తినేది. అన్నమాట ప్రకారం తనూ తినేవారు. పక్కన నిలబడి వడ్డించేదాన్ని, నాకు తెలియదా?"

"ముందే నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ ముద్దలకు కూడా వేళ రాసి అంటిస్తారని."

అని లోపలికి వెళ్ళిపోయింది. నేను తడికాళ్ళతోనే రేవుకు నడిచాను.

వరద ఎనిమిది రోజులు తగ్గలేదు. రోజూ బడి వదలగానే రేవుకు వెళ్ళి నిలబడేవాణ్ణి. ఎర్రని నీరు. దుంగలు, తాటిమట్టలు కొట్టుకుపోయేవి. ఆరో రోజుకు అమ్మ తనంతట తాను లేవలేకపోయింది. డాక్టరు రావడానికి దారులు లేవు. వచ్చినా ఆయన ఏమంటాడో నాకు తెలుసు. కార్తీకం చూడరని ఆయన చెప్పిన గడువు నా మనసులో ఎర్రసిరాతో రాసినట్టు కనిపించేది. ఆ గడువు దాకా కూడా ఆమె రాదేమోననిపించింది.

ఆ ఎనిమిది రోజులూ ఆ ఒడ్డు మీద నేను చేసిన పని ఒక్కటే, ఆ కూనను గుర్తు చేసుకోవడం. ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని విసుగుతో తప్ప చూడలేదనుకున్నాను. కాని కళ్ళు చూసిపెట్టుకున్నాయి. అదే పత్తి ఉండను అది రోజుకు పాతికసార్లు వేటాడేది. ఇరవై అయిదోసారి కూడా మొదటిసారి లాగే నక్కి, నడుము ఊపి, దూకేది. గాదె మీదికి గెంతబోయి పడేది. పడ్డందుకు ఎవరైనా చూశారా అని చూసేది కాదు. కడుపు నిండితే ఆడేది. పాలు ఆలస్యమైతే అరిచి, అరుస్తూ అరుస్తూనే మధ్యలో తన తోక కనిపిస్తే దాంతో ఆడేది. ఆడి ఆడి, ఒక్కసారిగా ఆపేసి, ఉన్నచోటనే నిద్రపోయేది. ఆడుకోవడానికి ఇది మంచిరోజా అని అది పంచాంగం చూడలేదు. దుఃఖంలో ఉన్న ఇల్లని దానికి తెలియదు అనుకునేవాణ్ణి. తెలిసినా ఆడేదేమో. మా ఇంట్లో అమ్మ ఒడి తప్ప అది ఎక్కువగా ఆడిన చోటు మరొకటి లేదు మరి.

నేనో? సంతోషాన్ని మనిషి తన విధులన్నీ పూర్తిచేసిన తరవాత, సంవత్సరీకాలూ తద్దినాలూ లేని ఒక ఖాళీ గడిలో రాసుకోవలసిన విషయమనుకున్నాను. ముప్పై అయిదేళ్ళ వయసు వచ్చినా ఆ ఖాళీ గడి నాకింకా రాలేదు. అమ్మకు యాభై రెండేళ్ళ వరకూ రాలేదు. వచ్చిన ఒక్కరోజున నేను గుమ్మంలో నిలబడి ఇవాళ ఏ రోజని అడిగాను.

తొమ్మిదో రోజు పడవ దించారు. బడికి సెలవు పెట్టాను. నా ఉద్యోగంలో, నాన్నగారి కర్మ రోజులు తీసేస్తే, అదే మొదటి సెలవు. పడవవాడు నన్ను చూసి, "మల్లీ ఏటి, ఇంకో పిల్లి అల్లరి సేసినాదా?" అన్నాడు.

"ఆ పిల్లినే వెతకాలి."

"దాటించిన పిల్లిని మల్లీ దాటించుకొస్తారా? సదువుకున్నోల్ల లెక్క మాకు అందదు బావూ." కాని ఒడ్డు చేరాక వాడే చెప్పాడు. "వరదకి రెల్లంతా మునిగిపోనాది. బతికుంటే మెరక మీదికే ఎల్లుంటాది. ఆ కల్లం పక్క ఇల్లు సూడండి. ఆ ముసిల్దానికి దారిన పోయే ప్రతి జీవీ సుట్టమే."

అది వరి పండించే రైతుల ఇల్లు. పేడతో అలికిన పెద్ద వాకిలి. ఒక ముసలామె పశువుల శాల ముందు కూర్చొని తాడు పేనుతోంది. పిల్లి సంగతి అడగ్గానే నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నల్లసెవి పిల్లిగుంటా? మీరేనా ఒగ్గేసింది?"

"అవును."

"తడిసి ముద్దై వచ్చినాది. బతకదనుకున్నాం. ఏల ఒగ్గేసినారు?"

అబద్ధం సిద్ధంగా ఉంది గాని, నోరు దాటలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. నాన్నగారి సంగతి, మాసికం, నవ్వు, అమ్మ పడక. ఆమె తాడు పేనడం ఆపింది.

"అమ్మ నవ్వినాదని పిల్లిని ఏరు దాటించినారా! ఇదేటి సదువు బావూ?" అని, లోపలికి తిరిగి కోడలితో, "ఒసే, సూడవే, ఈ బావుకి నవ్వొద్దంట," అంది. తరవాత ఆమె ముఖం మారింది. "మా ముసిలోడు పోయి నాలుగేల్లు. మూడో నాడు మా ఆవుదూడ వచ్చి నా కొంగు నమిలేసినాది. ఏడుస్తా ఏడుస్తా నవ్వినాను. మాకు అడిగినోడు లేడు. ఎల్లండి, పట్టుకోండి, శాలలో ఉన్నాది."

కూన శాలలో గడ్డివాము మీద ఉంది. కొద్దిగా పెరిగింది. నేను చెయ్యి చాచగానే వెనక్కి జరిగింది. నేను ముందుకు వేసిన ప్రతి అడుగుకూ అది పైకి ఎక్కింది. నన్ను గుర్తుపట్టి ఉంటుంది. ముసలామె వచ్చి చూసి, "గునపం లాగ నిలబడితే పిల్లొస్తాదేటి? కూకోండి," అంది. నేను కూర్చున్నాను. గడ్డిపరక ఒకటి చేతికిచ్చింది. "ఆడించండి."

నేను పరకను నేల మీద ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు లాగాను. కూన కన్నెత్తి చూడలేదు.

"గీత గీత్తన్నారేటి బావూ! ఎలక అలగ తిన్నగా ఎలతాదా? లాగాల, ఆగాల. దాక్కోవాల. మల్లీ కొద్దిగా కనబడాల."

కోడలు గుమ్మంలో నిలబడి నోరు మూసుకొని నవ్వుతోంది. ధోవతి మీద పేడ అంటుతోంది. పరకను లాగాను, ఆపాను. పంచె అంచు కింద దాచాను, కొస మాత్రం కదిపాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. గడియారం చూడని పూట నా జీవితంలో అదొక్కటే. నేను ఎందుకు వచ్చానో మరచి, పరక కొసను తప్ప దేన్నీ చూడని ఒక క్షణంలో, తెల్లగా ఏదో నా చేతి మీద పడింది. ఉలిక్కిపడ్డాను. నా గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. అది నవ్వని ముసలామె చెబితే గాని నాకు తెలియలేదు.

"ఆ, వచ్చినాది! పిల్లీ వచ్చినాది, నవ్వూ వచ్చినాది. ఇంక పట్టుకెల్లండి. మాకు సూడి పిల్లి ఇంకోటి ఉన్నాదిలెండి."

కండువాలో చుట్టి, గుండెలకు ఆనించుకొని తెచ్చాను. మా గుమ్మంలో అత్త అడ్డంగా నిలబడింది.

"దాటించిన పిల్లిని మళ్ళీ గడప తొక్కనిస్తార్రా? ఇంటికి అరిష్టం! సంవత్సరీకమన్నా కాలేదు. మళ్ళీ ఆ నవ్వులు మొదలైతే ఎవరిది దోషం?"

"నాది అత్తా. కర్తను నేనే. నాకే రానీ," అన్నాను. ఆవిడ మాట విననిది అదే మొదటిసారి. ఆవిడ పక్కకు తొలగింది. కోపంతో కాదు, ఆశ్చర్యంతో.

అమ్మ గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. కూనను మంచం మీద వదిలాను. అది ఆమె వీపు ఎక్కి, భుజం ఎక్కి, ముఖం దగ్గర ఆగింది. అమ్మ కళ్ళు తెరిచింది. చాలాసేపు దాన్ని చూసింది. చెయ్యి ఎత్తి దాని నల్లచెవిని రెండు వేళ్ళతో పట్టుకొని, "ఎంత తిరిగొచ్చావే," అంది. ఆ తరవాత నన్ను చూసి, "దానికి ఆకలిగా ఉన్నట్టుంది నాయనా," అంది. నా భార్య అప్పటికే పెరుగన్నం కలుపుతోంది.

ఆ రోజు అమ్మ మూడు ముద్దలు తింది. మర్నాడు కొంచెం ఎక్కువ. తలుపు వెనక కాగితాన్ని నేనే చింపేశాను. కార్తీకం నాటికి గోడ పట్టుకోకుండా నూతి దాకా నడిచింది. డాక్టరు చూసి టానిక్కు గుణమిచ్చిందన్నాడు, నేను ఖండించలేదు. అత్త "పాడు పిల్లి, పాడు పిల్లి" అంటూనే, జపానికి కూర్చున్నప్పుడు జపమాల సంచి తాడును నేల మీద వేలాడనిచ్చేది. కూన దాన్ని లాగితే కళ్ళు తెరిచేది కాదు. అమ్మ ఆ తరవాత పదకొండేళ్ళు బతికింది. ఆ పిల్లీ, దాని సంతతీ మా ఇల్లు వదల్లేదు.

కథ ఇంతటితో ముగిస్తే నా మీద నాకు దయ ఉన్నట్టే. కాని జరిగింది ఇది. ఆ కార్తీకంలో ఒకరోజు కూన పిండి జల్లెడలో దూకి, తెల్లని మూతితో తుమ్ముతూ వాకిలంతా తిరిగింది. నా భార్య పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మ పెదవులు విచ్చుకున్నాయి. విచ్చుకుంటూనే ఆమె కళ్ళు నన్ను వెతికాయి. నా ముఖం చూశాక, పెదవులు దగ్గరకు వచ్చాయి.

"నవ్వమ్మా," అన్నాను.

"నవ్వానుగా నాయనా," అంది.

నవ్వు వచ్చిన ప్రతిసారీ అంతే. ముందు నా వైపు చూసేది. నేను నవ్వుతూనే ఉన్నా, అసలు నా దృష్టి అటు లేకపోయినా, ముందు ఆ ఒక్క చూపు. ఆ చూపు ముగిసేసరికి నవ్వు తగ్గి ఉండేది. నేను ఆమెను క్షమాపణ అడిగాను. "నువ్వేం చేశావు నాయనా, రోజు అలాంటిది," అని నన్నే ఓదార్చింది. ఒక అలవాటు మాన్పించడం ఉపాధ్యాయుడికి కష్టమని ఎరుగుదును. నేనే నేర్పిన పాఠం మరపించడం మాత్రం నాకు చేతకాలేదు.

"మీరు బడికి వెళ్ళాక బాగానే నవ్వుతారండీ," అని ఒకనాడు నా భార్య మెల్లగా చెప్పింది. "పైకి వినబడేటట్టే."

ఆనాటి నుంచి నేను బడికి అరగంట ముందే బయలుదేరేవాణ్ణి. బడిలో పని ఎక్కువగా ఉందని ఇంట్లో చెప్పాను. సైకిలు వీధిలోకి దించి, ఎక్కకుండా పెరటి గోడ వెంట నడిపించుకుంటూ వెళ్ళేవాణ్ణి. తొక్కితే గొలుసు చప్పుడులో ఏమీ వినిపించదు. కొన్ని రోజులు లోపల పత్తి ఏకుతున్న చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. కొన్ని రోజులు గోడ చివరి దాకా వెళ్ళాక, వెనక నుంచి వినిపించేది. అక్కడే ఆగేవాణ్ణి. తరవాత సైకిలెక్కి వెళ్ళిపోయేవాణ్ణి.